తప్పు లేని లైనుకి వార్నింగ్: లిస్ప్ ఆబ్జెక్ట్ సిస్టమ్‌తో నా అనుభవం

కోడ్‌లో ‘వెయిట్’ అన్న ఒక్క పేరు దగ్గర మా బిల్డ్, అంటే కోడ్ అంతటినీ కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా కట్టే పని, ఆగిపోయింది. అది కూడా వ్యాగన్ల ఫైల్లో. ఆ ఫైల్ జోలికి చాలాకాలంగా ఎవరూ వెళ్లలేదు, వెళ్లాల్సిన పనీ పడలేదు. అయినా కంపైలర్ మాత్రం ‘ఈ ఫంక్షన్ డెప్రికేట్ అయింది, దీని బదులు గ్రాస్-వెయిట్ గానీ నెట్-వెయిట్ గానీ వాడండి’ అని లైను తర్వాత లైను చూపిస్తోంది. డెప్రికేట్ అంటే, ఇంకా పనిచేస్తుంది గానీ ఇక వాడొద్దని ముద్ర వేయడం. మా టీంలో విజయనగరం కుర్రాడొకడున్నాడు. స్క్రీన్ చూసి, “ఇదేటన్నా, మన వ్యాగన్ క్లాసుకి నెట్-వెయిట్ అన్నదే లేదు కదా, దాన్నెలా వాడమంటాది?” అన్నాడు. సరిగ్గా అడిగాడు. ఆ వార్నింగ్ అక్కడ రాకూడదు.

ముందు పని సంగతి కొంచెం చెప్పాలి. విశాఖపట్నం సిరిపురంలో మాదో చిన్న ఆఫీసు. పోర్టుకీ గాజువాకకీ మధ్య ఉన్న యార్డుల్లో కాటాల దగ్గర నడిచే సాఫ్ట్‌వేర్ రాస్తాం. లారీ ఖాళీగా వచ్చి కాటా ఎక్కుతుంది, ఆ బరువు టేర్. లోడు ఎత్తుకుని మళ్లీ ఎక్కుతుంది, ఆ బరువు గ్రాస్. రెండింటి తేడా నెట్, అంటే సరుకు బరువు. కాటా చీటీ మీద మూడూ అచ్చవుతాయి. బొగ్గు, ఎరువులు, అల్యూమినా ఏది కదిలినా ఈ మూడు అంకెల మీదే కదులుతుంది. కిరాయి నెట్ మీద కడతారు. ఓవర్‌లోడ్ ఉందా లేదా అన్నది గ్రాస్ మీద చూస్తారు. పది టైర్ల లారీకి 2018లో కేంద్రం పరిమితి పెంచాక గ్రాస్ 28.5 టన్నుల దాకా వెళ్లొచ్చు.

మా పాత కోడ్‌లో ట్రిప్ అనే క్లాసుకి (ఒక రకం వస్తువుకి కోడ్‌లో రాసుకునే నమూనా) ‘వెయిట్’ అని ఒకే యాక్సెసర్ (వస్తువు లోపలి విలువని చదివిచ్చే ఫంక్షన్) ఉండేది. అది ఇచ్చేది గ్రాస్. కానీ ఆ పేరు చూసి ఎవరికి తోచింది వాళ్లు అనుకునే వీలుంది. ఖాళీ బండి పది టన్నులు, లోడుతో ఇరవై ఎనిమిది అనుకుంటే, సరుకు పద్దెనిమిదే. పేరు సరిగ్గా లేకపోవడం వల్ల పది టన్నుల తేడా రావడం చిన్న విషయం కాదు. అందుకే ట్రిప్‌కి గ్రాస్-వెయిట్, టేర్-వెయిట్, నెట్-వెయిట్ అని విడివిడిగా పెట్టి, పాత వెయిట్‌ని మెల్లగా తప్పించాలని టీం అంతా కూర్చుని తీసుకున్న నిర్ణయం. అది మంచి నిర్ణయమనే ఇప్పటికీ నమ్ముతాను. వ్యాగన్‌కీ, బస్తాల లాట్‌కీ మాత్రం వెయిట్ అంటే ఒక్కటే అర్థం, అక్కడ గందరగోళం లేదు. వాటిని అలాగే ఉంచాం.

మేం వాడేది కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష, అందులో ఎస్‌బీసీఎల్ కంపైలర్. విశాఖలో లిస్ప్ అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ ఏడాదంతా ఆపకుండా నడిచే ప్రోగ్రామ్‌లో, నడుస్తుండగానే క్లాసు మార్చుకోగలగడం మా పనికి ఎంత కలిసొచ్చిందో మాకు తెలుసు. కాటా దగ్గర లారీలు బారులు తీరి ఉన్నప్పుడు ప్రోగ్రామ్ ఆపి మళ్లీ మొదలుపెడతామంటే ఒప్పుకునే యార్డు మేనేజరు లేడు.

లిస్ప్ ఆబ్జెక్ట్ సిస్టమ్‌ని సీఎల్‌ఓఎస్ అంటారు. 1988లో దాని స్పెసిఫికేషన్‌ని ప్రమాణాల కమిటీ ఆమోదించింది, 1994లో వచ్చిన ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) స్టాండర్డ్‌లో అది భాగం. జావా నుంచి వచ్చినవాళ్లకి ఇందులో ఒక సంగతి వెంటనే మింగుడుపడదు. జావాలో మెథడ్, అంటే ఒక క్లాసు కోసం రాసిన ఫంక్షన్, ఆ క్లాసు లోపల ఉంటుంది. ట్రిప్‌లో ఉన్న వెయిట్ వేరు, వ్యాగన్‌లో ఉన్న వెయిట్ వేరు, ఒకదానికి డెప్రికేటెడ్ అని ముద్ర వేస్తే రెండోదానికి ఏమీ కాదు. సీఎల్‌ఓఎస్‌లో మెథడ్ క్లాసుకి చెందదు. వెయిట్ అనేది ఒక జెనెరిక్ ఫంక్షన్. ట్రిప్‌కి ఒక మెథడ్, వ్యాగన్‌కి ఒక మెథడ్, లాట్‌కి ఒక మెథడ్, అన్నీ ఆ ఒక్క ఫంక్షన్ కిందకే వస్తాయి. ఏ మెథడ్ నడవాలన్నది పిలిచినప్పుడు వచ్చిన ఆబ్జెక్ట్‌ని బట్టి తేలుతుంది.

డెప్రికేషన్‌కి స్టాండర్డ్‌లో ఏ ఏర్పాటూ లేదు. చిత్రమేమిటంటే, రిమూవ్-ఇఫ్-నాట్ లాంటి ఫంక్షన్లు డెప్రికేటెడ్ అని ఆ స్టాండర్డ్ పుస్తకంలోనే రాసి ఉంటుంది. అయినా అందరూ వాడుతూనే ఉన్నారు, ఏ కంపైలరూ వాటిని తీసేసిన పాపాన పోలేదు. ఎస్‌బీసీఎల్ మాత్రం సొంతంగా ఒక డిక్లరేషన్ (కంపైలర్‌కి కోడ్‌లోనే రాసి చెప్పే మాట) ఇస్తుంది. దానికి మూడు దశలు. ఎర్లీ అంటే స్టైల్ వార్నింగ్ మాత్రమే. లేట్ అంటే పూర్తి వార్నింగ్. ఫైనల్ అంటే వార్నింగ్‌తో పాటు, నడిచేటప్పుడు పిలిస్తే ఎర్రర్ కూడా. ఈ డిక్లరేషన్‌ని ఒక ఫంక్షన్ పేరుకో, వేరియబుల్ పేరుకో, టైప్ పేరుకో ఇవ్వొచ్చు. ఫలానా జెనెరిక్ ఫంక్షన్‌లో ఫలానా క్లాసు మెథడ్‌కి మాత్రమే అని చెప్పడానికి చోటు లేదు.

గొడవంతా ఇక్కడే. మా దగ్గర క్లాసులన్నీ డెఫ్‌రికార్డ్ అనే మా సొంత మాక్రోతో (మన బదులు కోడ్ రాసిపెట్టే కోడ్) రాస్తాం. అందులో ఒక స్లాట్ (ఆబ్జెక్ట్‌లో ఒక విలువ ఉండే గది) పక్కన ‘డెప్రికేటెడ్’ అని రాస్తే, ఆ మాక్రో ఆ యాక్సెసర్ పేరుకి ఎస్‌బీసీఎల్ డిక్లరేషన్ తగిలించేది. ట్రిప్‌కని రాసినా, ముద్ర పడింది వెయిట్ అన్న పేరు మీద. ఒకడు అప్పు ఎగ్గొడితే అదే ఇంటిపేరున్న ప్రతి ఇంటికీ నోటీసు అంటించినట్టు అయింది. ఎర్లీ దశలో ఉన్నన్నాళ్లూ అవి స్టైల్ వార్నింగులే కాబట్టి తెర మీద వచ్చి పోయేవి, ఎవరూ ఆగి చదివేవారు కాదు. లేట్ దశకి మార్చగానే అవే పూర్తి వార్నింగులయ్యాయి. పూర్తి వార్నింగ్ వస్తే, ఫైల్‌ని కంపైల్ చేసే కంపైల్-ఫైల్ ఫంక్షన్ తన మూడో రిటర్న్ విలువతో ఫెయిల్ అని చెబుతుంది. ఎస్‌బీసీఎల్ మీద ఏఎస్‌డీఎఫ్ బిల్డ్ టూల్ దాన్ని ఎర్రర్‌గానే తీసుకుంటుంది. బిల్డ్ ఆగింది.

“మఫిల్ చేసేద్దామా అన్నా?” అని కుర్రాడు అడిగాడు. కండిషన్లను మూసిపెట్టే డిక్లరేషన్ ఎస్‌బీసీఎల్‌లో ఉంది, ఫైల్ పైన ఒక లైను రాస్తే చాలు. రిలీజ్ దగ్గర పడుతోంది, అందరికీ టెన్షన్‌గానే ఉంది.

“వ్యాగన్ ఫైల్లో మూస్తావు సరే, రిపోర్టుల ఫైల్లోనో? అందులో ట్రిప్ వస్తుంది, వ్యాగన్ కూడా వస్తుంది. మూసేస్తే నిజంగా మార్చాల్సిన లైను కూడా కనబడదు” అన్నాను.

“అయితే మళ్లీ ఎర్లీకి దించేద్దాం.”

“దించితే మళ్లీ ఎవరూ చదవరు.”

డెప్రికేషన్ వార్నింగ్ ఉన్నది ఒక మనిషి ఒక లైను మార్చడానికి. మార్చనక్కర్లేని లైను మీద అది పడితే, ఆ మనిషి తర్వాతిసారి చదవడం మానేస్తాడు. అందుకని నేను మఫిల్‌కి ఒప్పుకోలేదు. బయటికి ఏం కనబడుతోందన్న దాని కంటే, ముద్ర ఎక్కడ పడుతోందో అక్కడ సరిచేయాలని కూర్చున్నాను.

వార్నింగులన్నీ ఒక ఫైల్లోకి పోసి చదివితే అవి ఒకే రకం కావని తెలిసింది. కొన్ని వ్యాగన్ మీద, లాట్ మీద వెయిట్ పిలిచిన చోట్లవి. అవి ఊహించినవే. కానీ కొన్ని వచ్చిన చోట మా కోడ్‌లో వెయిట్ అన్న మాటే లేదు. ఒక యార్డు కోసం రాసిన బొగ్గు-ట్రిప్ అనే క్లాసు, ట్రిప్‌కి ఉపక్లాసు. ఆ ఫైల్లో ఒక డెఫ్‌రికార్డ్, ఒకట్రెండు స్లాట్లు, అంతే. వార్నింగ్ మాత్రం అక్కడే. ఎస్‌బీసీఎల్ ఇలాంటప్పుడు తప్పు ఏ ఫారంలో (కోడ్ ముక్కలో) ఉందో, ఏ మాక్రోలో నుంచి వచ్చిందో దారి చూపిస్తుంది. పైన ‘ఇన్: డెఫ్‌రికార్డ్ బొగ్గు-ట్రిప్’ అని, కింద బాణాల వెంబడి వెళ్తే చివర ‘వెయిట్ ఆబ్జ్’ అన్న కాల్. అంటే మాక్రో విప్పినప్పుడు పుట్టిన కోడ్ అది.

మాక్రో రాసిపెట్టిన కోడ్‌ని విప్పి చూపించే మాక్రోఎక్స్‌పాండ్-1 చేసి చూస్తే విషయం బయటపడింది. డెఫ్‌రికార్డ్ ప్రతి క్లాసుకీ రెండు పనులు తనే రాసిపెడుతుంది. ఒకటి ఆబ్జెక్ట్‌ని తెర మీద చూపించే ప్రింట్-ఆబ్జెక్ట్ మెథడ్. రెండోది రోజు చివర అకౌంట్స్ వాళ్లకి ఇచ్చే సీఎస్‌వీ లైను. వారసత్వంగా వచ్చిన యాక్సెసర్లన్నిటినీ కలుపుకుని ఒక్కోదాన్నీ పిలుస్తుంది. పాత పేరు కేవలం కంపాటిబిలిటీ కోసం ఉంచినా, దాన్ని కూడా మామూలు స్లాట్‌లాగే లెక్కేసి పిలుస్తోంది. ఉపక్లాసు రాసినవాడు చేసిన తప్పేమీ లేదు, అతను మార్చగలిగిందీ ఏమీ లేదు. ఇలాంటి వార్నింగ్ మనిషిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే తను రాయని లైను కోసం తన ఫైలంతా వెతుక్కుంటాడు.

ఇది తొందరగానే తేలిపోయింది. మాక్రోలో స్లాట్ల జాబితా తయారయ్యే చోట కంపాటిబిలిటీ పేర్లని పక్కకి తీసి, వాటి బదులు కొత్త యాక్సెసర్‌ని పిలిచేలా మార్చాను. సీఎస్‌వీలో హెడింగ్ మాత్రం పాతదే ఉంచాను, ఎందుకంటే అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ షీట్లు ఆ హెడింగ్ మీద ఆధారపడి ఉన్నాయి. యాక్సెసర్ లేకుండా స్లాట్‌ని నేరుగా చదివే స్లాట్-వాల్యూ వాడితే ఇంకా సులువు అని అనిపించొచ్చు. కానీ కొన్ని యార్డులకి గ్రాస్-వెయిట్ మీద రౌండింగ్ చేసే అరౌండ్ మెథడ్ (అసలు మెథడ్ చుట్టూ నడిచేది) ఉంది. స్లాట్-వాల్యూ వాడితే దాన్ని దాటేసి వెళ్లిపోతుంది, చీటీ మీద ఒక అంకె, షీట్‌లో ఇంకో అంకె వస్తాయి. కాటా దగ్గర అలాంటి తేడా వస్తే ఫోన్ మోగడం ఆగదు.

తర్వాత అసలు సమస్య. ఎస్‌బీసీఎల్ డిక్లరేషన్‌ని డెఫ్‌రికార్డ్‌లోంచి తీసేశాను. దాని బదులు, ఏ పేరు, ఏ క్లాసు, డెప్రికేట్ అయిందా లేదా అని మేమే రాసుకునే ఒక పట్టిక పెట్టాను. వెయిట్ అన్న పేరు కింద ట్రిప్, వ్యాగన్, లాట్ మూడూ ఉంటాయి. ట్రిప్ పక్కన మాత్రమే ముద్ర. ఆ తర్వాత అలాంటి ప్రతి యాక్సెసర్‌కీ ఒక కంపైలర్ మాక్రో తగిలించాను. కంపైలర్ మాక్రోలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, కాల్ రాసిన ఫారం మొత్తం దాని చేతికి వస్తుంది, చూసి మార్చకుండా అలాగే తిరిగిచ్చేయొచ్చు. కోడ్ ఏమీ మారదు, చూడాల్సింది చూసి, చెప్పాల్సింది ఉంటే చెబుతుంది.

అది చూసేది ఇదీ. ఆర్గ్యుమెంట్ ఏ క్లాసుదో రాసిన కోడ్‌ని బట్టే తెలుస్తోందా? ఈ విలువ ట్రిప్ అని చెప్పే ‘ద ట్రిప్’ రాసి ఉన్నా, అక్కడికక్కడే మేక్-ఇన్‌స్టన్స్‌తో ఆబ్జెక్ట్ తయారుచేసి ఉన్నా, వేరియబుల్‌కి టైప్ డిక్లరేషన్ ఉన్నా తెలుస్తుంది. చివరిదాని కోసం ఎస్‌బీసీఎల్‌తో వచ్చే సీఎల్‌టీఎల్2 మాడ్యూల్‌లోని వేరియబుల్-ఇన్ఫర్మేషన్ ఉపయోగపడింది. క్లాసు తెలిసి, అది ట్రిప్ గానీ ట్రిప్‌కి ఉపక్లాసు గానీ అయితే పూర్తి వార్నింగ్. తెలిసి, అది వ్యాగన్ అయితే మౌనం. తెలియకపోతే పట్టికలో ఆ పేరు కింద ఉన్న క్లాసులన్నీ డెప్రికేట్ అయ్యాయా అని చూస్తుంది. అన్నీ అయితే ఏ ఆబ్జెక్ట్ వచ్చినా మార్చాల్సిందే కాబట్టి వార్నింగ్ ఇస్తుంది. ఒక్కటి మిగిలినా కంపైల్ సమయంలో నోరెత్తదు, ఆ మాట నడిచేటప్పుడు తేలుతుంది.

నా ల్యాప్‌టాప్‌లో వ్యాగన్ వార్నింగులన్నీ పోయాయి. బిల్డ్ సర్వర్‌కి పంపాను. అక్కడ మళ్లీ కొన్ని వచ్చాయి, అదే వ్యాగన్ మీద, అదే అబద్ధపు హెచ్చరిక. ఒకే కోడ్, ఒకే ఎస్‌బీసీఎల్ వెర్షన్. ఈ పనిలో ఎక్కువసేపు నన్ను కూర్చోబెట్టింది ఇదే.

రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది కాషె. ఏఎస్‌డీఎఫ్ కంపైల్ చేసిన ఫైళ్లని హోం డైరెక్టరీలో ఒక కాషె ఫోల్డర్‌లో దాస్తుంది. మారని ఫైల్‌ని మళ్లీ కంపైల్ చేయదు, చేయకపోతే వార్నింగ్ వచ్చే అవకాశమే లేదు. నా ల్యాప్‌టాప్ మౌనంలో కొంత ఈ కాషె మౌనం. సర్వర్ ప్రతిసారీ ఖాళీ కాషెతో మొదలుపెడుతుంది. ఇలాంటి పని చేసేవాళ్లు కాషె తుడిచి, కొత్త ఎస్‌బీసీఎల్ తెరిచి చూడకుండా ‘పోయింది’ అని చెప్పకూడదు, నా అభిప్రాయం మాత్రం అదే.

రెండోది లోతైనది. కామన్ లిస్ప్‌లో ఫైల్‌ని కంపైల్ చేస్తున్నప్పుడు అందులోని కోడ్ నడవదు, దాన్ని లిస్ప్‌లోకి లోడ్ చేసినప్పుడు నడుస్తుంది. వ్యాగన్ ఫైల్లో మొదట డెఫ్‌రికార్డ్ వ్యాగన్ ఉంది, కింద వ్యాగన్ మీద వెయిట్ పిలిచే ఫంక్షన్లు ఉన్నాయి. డెఫ్‌రికార్డ్ పట్టికలో పేరు రాసేది లోడ్ సమయంలో. అంటే సర్వర్ ఆ ఫైల్‌ని మొదటిసారి కంపైల్ చేస్తున్నప్పుడు పట్టికలో వ్యాగన్ ఇంకా లేదు. ముందు ఫైల్‌లోంచి లోడైన ట్రిప్ ఒక్కటే ఉంది. ఉన్న క్లాసులన్నీ డెప్రికేట్ అయ్యాయా అంటే, ఉన్నది ఒక్కటే, అయింది. వార్నింగ్! నా ల్యాప్‌టాప్‌లో ఎడిటర్‌కి తగిలించిన లిస్ప్ పొద్దున్నుంచీ నడుస్తోంది, అందులో వ్యాగన్ ఎప్పుడో లోడై కూర్చుంది. అందుకే నాకు కనబడలేదు.

పట్టిక బదులు మెటాఆబ్జెక్ట్ ప్రోటోకాల్‌తో (క్లాసుల, ఫంక్షన్ల వివరాలు లిస్ప్‌నే అడిగే ఏర్పాటు) జెనెరిక్ ఫంక్షన్‌నే నీకున్న మెథడ్లు ఏవి అని అడిగినా ఇదే జరుగుతుంది. డెఫ్‌మెథడ్ కూడా లోడ్ సమయంలోనే మెథడ్‌ని కలుపుతుంది. కాబట్టి పట్టిక ఆలోచన సరైనదే, రాసే సమయం మార్చాలి. ఎవాల్-వెన్ అనే ఫారంతో కంపైల్ సమయంలోనూ, లోడ్ సమయంలోనూ రెండుసార్లూ పట్టికలో నమోదయ్యేలా డెఫ్‌రికార్డ్‌ని మార్చాను. ఇందులో ఒక మెలిక ఉంది. ఎవాల్-వెన్ కంపైల్ సమయంలో నడవాలంటే అది టాప్‌లెవెల్‌లో, అంటే ఇంకో ఫారం లోపల దాగకుండా ఫైల్ పై స్థాయిలో, ఉండాలి. మాక్రో విప్పినప్పుడు అన్నిటినీ ప్రోగ్‌ఎన్‌లో (ఫారాలని వరసగా పెట్టేది) చుడితే టాప్‌లెవెల్ నిలుస్తుంది, లెట్‌లో (స్థానిక వేరియబుల్స్ పెట్టేది) చుడితే పోతుంది. మా డెఫ్‌రికార్డ్‌లో బయట ఒక లెట్ ఉండేది, ఏదో విలువని ఒకసారి లెక్కకట్టి దాచుకోవడానికి. దాన్ని లోపలికి జరిపాను.

అప్పటికీ ఒక ఫైల్ మిగిలింది. బిల్డ్ వరుసలో వ్యాగన్ ఫైల్ కంటే ముందుండే చిన్న లెక్కల ఫైల్, అందులో వ్యాగన్ల మొత్తం బరువు కూడే ఫంక్షన్ ఉంది. తన తర్వాత వచ్చే క్లాసు గురించి ఏ పట్టికకైనా ఎలా తెలుస్తుంది? దీనికి తెలివైన పరిష్కారం వెతకలేదు. డెఫ్‌రికార్డులన్నిటినీ రికార్డ్స్ అనే ఒక ఫైల్‌లోకి తెచ్చి, ఏఎస్‌డీఎఫ్‌లో మిగతావన్నీ దాని మీద ఆధారపడేలా రాశాను. యార్డుకొకటి చొప్పున ఉన్న ఉపక్లాసులు మాత్రం తమ తమ ఫైళ్లలోనే ఉన్నాయి, వాటి వల్ల ఇబ్బంది లేదు.

ఇక నడిచేటప్పుడు వచ్చే సంగతి. కంపైలర్ మాక్రోకి కనబడని కాల్స్ చాలానే ఉంటాయి. జాబితాలో ఒక్కోదాని మీదా ఒక ఫంక్షన్‌ని నడిపే మ్యాప్‌కార్‌కి వెయిట్‌ని అందిస్తే అక్కడ కాల్ ఫారమే లేదు. నాట్‌ఇన్‌లైన్ అని డిక్లేర్ చేసినచోట కంపైలర్ మాక్రో పనిచేయదు. అందుకని ట్రిప్‌కి ఉన్న పాత వెయిట్ మెథడ్ లోపల, గ్రాస్-వెయిట్ తిరిగిచ్చే ముందు ఒక హెచ్చరిక లాగ్‌లో రాయించాను. అది ట్రిప్ మెథడ్‌లోనే ఉంది కాబట్టి వ్యాగన్ వస్తే అసలు నడవదు. పొరపాటుకి చోటే లేదు. సీఎల్‌ఓఎస్ పద్ధతి ఇక్కడ మనకు అనుకూలం, సరైన క్లాసుని ఎంచుకునే పని అదే చేసిపెడుతుంది.

అయితే బొగ్గు షిప్పు దిగిన రోజున ఒక్క కాటా మీదే లారీలు వరసగా వస్తూనే ఉంటాయి. ప్రతి కాల్‌కీ ఒక లైను రాస్తే లాగ్ నిండిపోతుంది. పిలిచిన ఫంక్షన్‌కి ఒకసారి చొప్పున రాస్తే చాలు. పిలిచినవాడెవడో బ్యాక్‌ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే జాబితా) పై ఫ్రేమ్, అంటే పై వరస, చూస్తే తెలుస్తుంది అనుకున్నాం. టెస్టుల్లో అది ఒకచోట సంబంధం లేని ఫంక్షన్ పేరు చూపించింది. కుర్రాడే పట్టుకున్నాడు: “అన్నా, ఇందులో వెయిటే లేదు. ఇది పిలిచేదాంట్లో ఉన్నాది.” నిజమే. పిలిచిన ఫంక్షన్ చివరి పనిగా వెయిట్‌ని పిలిస్తే, ఎస్‌బీసీఎల్ ఆ ఫ్రేమ్‌ని తీసేసి నేరుగా దూకుతుంది. టెయిల్ కాల్. దాంతో బ్యాక్‌ట్రేస్‌లో అసలువాడు మాయమై, వాడిని పిలిచినవాడు కనబడతాడు. డీబగ్ స్థాయి 2 దాటి పెడితే ఎస్‌బీసీఎల్ ఈ పని చేయదు. టెస్టు బిల్డ్‌కి మాత్రం డీబగ్ 3 పెట్టాం, యార్డుల్లో నడిచేదానికి మామూలుగానే ఉంచాం. తప్పు లేని ఫంక్షన్ పేరు లాగ్‌లోకి ఎక్కడం కూడా అబద్ధపు హెచ్చరికే కదా.

మళ్లీ ఇది పాడవకుండా టెస్టులు రాశాం. లాంబ్డా (పేరు లేని ఫంక్షన్) ఒకటి రాసి కంపైల్‌కి ఇవ్వడం, వచ్చిన వార్నింగ్ ఫ్లాగులు చూడడం. టైప్ చెప్పని ఎక్స్ మీద వెయిట్ పిలిస్తే ఏమీ రాకూడదు. ఎక్స్ ట్రిప్ అని డిక్లేర్ చేస్తే రావాలి. వ్యాగన్ అయితే రాకూడదు. బొగ్గు-ట్రిప్ అయితే రావాలి. రాకూడని చోట రాలేదని చూసే టెస్టు అందరూ రాయరు. నా మటుకు రావాల్సిన చోట వచ్చిందని చూసేదానికంటే అదే ముఖ్యం.

ఖాళీ కాషెతో సర్వర్ మళ్లీ బిల్డ్ చేసినప్పుడు తెర మీద చాలా కొద్ది వార్నింగులే మిగిలాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాం. అన్నీ ట్రిప్ మీదవే. వాటిలో ఒకటి రోజువారీ టన్నేజ్ రిపోర్టులోది. రిపోర్టులో ఒక్కో వరసకి వాడే వేరియబుల్ మీద ‘ట్రిప్’ అని డిక్లరేషన్ ఉంది, కింద వెయిట్‌లన్నీ కూడి ‘సరుకు మొత్తం’ అన్న శీర్షిక కింద పెడుతోంది. అంటే ఖాళీ లారీల బరువు కూడా సరుకులో కలిసిపోతోంది. ఆ రిపోర్టు ఇంకా ఏ యార్డుకీ ఇవ్వలేదు, ఈ రిలీజ్‌తోనే వెళ్లాల్సింది. ఈ వార్నింగ్ పాత బిల్డ్‌లో కూడా ఉంది, లాగ్ తీసి చూస్తే కనబడింది, వ్యాగన్ వార్నింగుల మధ్యలో ఎక్కడో. నెట్-వెయిట్‌కి మార్చి, నాలుగు చీటీలు పక్కన పెట్టుకుని చేత్తో కూడి సరిచూశాం.

మ్యాప్‌కార్‌తో పిలిచిన ఇంకొకటి నడిచేటప్పుడు లాగ్‌లో దొరికింది. అది ఓవర్‌లోడ్ చూసే చోటు, అక్కడ గ్రాసే కావాలి కాబట్టి అంకె మారలేదు, పేరు మాత్రం మార్చాం.

ట్రిప్ మీద ఆ పాత మెథడ్ ఇంకా ఉంది. స్లాట్ పేరుని స్ట్రింగ్‌లోంచి తయారుచేసి పిలిచే స్క్రిప్టులు కొన్ని యార్డుల్లో ఉన్నాయి, వాటిని కంపైలర్ ఎప్పటికీ చూడలేదు, లాగే దిక్కు. వాటి జాబితా కుర్రాడి దగ్గర ఉంది, ఒక్కో యార్డుకీ వెళ్లినప్పుడు సరిచేసి వస్తున్నాడు. పెద్ద బొగ్గు షిప్పు ఒకటి పూర్తిగా దిగేదాకా లాగ్‌లో ఆ లైను ఒక్కసారి కూడా రాకపోతే, తర్వాతి వెర్షన్‌లో ఆ మెథడ్ తీసేస్తాం.